సావనీర్‌లో వంటింటికి రెండు పేజీలు ఇవ్వండయ్యా: మా విచారణ (పారిష్) కమిటీకి ఒక బహిరంగ లేఖ

మా విచారణ శతజయంతి సావనీర్ కమిటీ పెద్దలకి,

సర్వేశ్వరునికి స్తోత్రం. నేనెవరో మీకు తెలుసు, కందుకూరులో జిరాక్సు, డీటీపీ షాపు పెట్టుకున్నదాన్ని, గుడిలో ఎడం పక్క మూడో బెంచీలో మా అమ్మ పక్కన కూర్చునేదాన్ని. మీరు పోయిన నెల టైప్ చెయ్యమని ఇచ్చిన సావనీర్ ఫైలు నా సిస్టంలోనే ఉంది, దాని గురించే ఈ ఉత్తరం. ఆ పుస్తకంలో వంటింటోళ్ళకి కూడా జాగా ఇవ్వమని షాపులోనే రెండుసార్లు నోటితో చెప్పా, రెండుసార్లూ "చూద్దాంలేమ్మా" అన్నారు, మన పక్క చూద్దాంలేమ్మా అంటే ఏందో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. అందుకే ఇక అందరూ చదివేట్టు రాస్తున్నా. కోపం కాదు, టైప్ చేసేటప్పుడు చేతులు ఆగిపోయినయి, అంతే.

2028కి నెల్లూరు మేత్రాసనానికి (డయోసిస్‌కి) వందేళ్ళు, 1928లో మద్రాసు నుంచి విడదీసి ఏర్పాటు చేశారు, కాబట్టి మన విచారణ తరఫున కూడా ఒక పుస్తకం వెయ్యాలనుకోవడం మంచిదే, ముందుగానే మొదలుపెట్టడం ఇంకా మంచిది. మన కందుకూరు పక్కని 2022లో ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్ళు పడిపోయినయి గానీ, గుడి లెక్కలో మాత్రం మనం మొదట్నించీ నెల్లూరోళ్ళమే, ఒంగోలోళ్ళైనా అంతే. సరే అది వేరే గోల.

మొదట తప్పులు చెప్తా. రెండో పేజీలో మిల్‌హిల్ సభ (మన పక్కకి ఫాదర్లని పంపిన ఇంగ్లాండు మిషనరీల సభ) స్థాపకులు "హెర్బర్ట్ వాఘన్ పీఠాధిపతులు 1866లో మన ప్రాంతానికి విచ్చేసి" అని రాశారు. ఆయన పేరు వాఘన్ కాదండీ, ఇంగ్లీషు స్పెల్లింగులో జి, హెచ్ ఉంటాయి గానీ పలకవు, వాన్ అనాలి. మనకి ఈజీ, వాన కోసం ఆకాశం చూసే జిల్లా గదా మనది. ఇంకోటి, ఆయన మన గడప తొక్కనే లేదు. 1866 అనేది ఆయన లండన్ పక్కన మిల్‌హిల్ అనే చోట కాలేజీ తెరిచిన సంవత్సరం. ఆ కాలేజీ ఫాదర్లు మన తెలుగు పక్కకి వచ్చింది 1875లో, మద్రాసు మిషన్ కింద. ఆ మరుసటేడే ధాత కరువు మొదలైంది. అప్పటికి ఆయన ఇంగ్లాండులో సాల్ఫోర్డ్ అనే ఊరికి బిషప్, అంతకుముందు 1866లో అయితే అసలు బిషప్పే కాదు, ముప్ఫై నాలుగేళ్ళ మామూలు ఫాదర్. ఇవి సరిచేసి టైప్ చేశా, మీరు మళ్ళీ మార్చొద్దు.

తప్పులు దిద్దడం కోసమని ఆయన గురించి చదవడం మొదలుపెట్టి ఆపలేకపోయా. షాపులో కరెంటు పోయినప్పుడల్లా ఫోన్లో అదే పని. అది చదివాకే నాకు ఈ ఉత్తరం రాయాలనిపించింది, కాబట్టి కొంచెం ఓపికగా వినండి.

ఆయన పుట్టింది 1832 ఏప్రిల్ 15న, గ్లౌసెస్టర్‌లో. భూములు, బంగళా ఉన్న పాతకాలం కథోలిక కుటుంబం, ఆ ఎస్టేటు పేరు కోర్ట్‌ఫీల్డ్, నాయన మిలిటరీ కల్నల్. పదమూడు మంది పిల్లల్లో ఈయనే పెద్ద. వాళ్ళమ్మ ఎలైజా రోల్స్, పుట్టుకతో కథోలికురాలు కాదు, తర్వాత కలిసింది, రోల్స్ రాయిస్ కార్లలో రోల్స్ అనే పేరుందే, ఆ ఇంటి ఆడపడుచు. ఆమె రోజూ గంటసేపు దివ్యసత్ప్రసాదం ముందు మోకరించి నా బిడ్డల్ని నీ సేవకి తీసుకో అని అడిగేదంట. అడిగింది అడిగినట్టే అయింది, ఎనిమిది మంది మగపిల్లల్లో ఆరుగురు ఫాదర్లు, అందులో ముగ్గురు బిషప్పులు, ఐదుగురు ఆడపిల్లలూ మఠంలోకే. మన ఊళ్ళో ఒక ఇంట్లో ఒకడు సెమినరీకి పోతేనే ఫ్లెక్సీ కడతాం, ఆ నాయన ఏమనుకుని ఉంటాడో, పెద్దకొడుకుని సోల్జర్ని చేద్దామనుకున్న మనిషి పాపం. ఆ తల్లి 1853లో, కొడుకు ఫాదర్ అయ్యేదానికి ఏడాది ముందే చనిపోయింది. 1854లో ఇటలీలో లూకా అనే ఊళ్ళో ఆయనకి గురుపట్టాభిషేకం, ఇరవై రెండేళ్ళకే, వయసు చాలకపోతే స్పెషల్ పర్మిషన్ తెప్పించుకుని మరీ. ఆరోగ్యం అంతంతమాత్రం, బతుకుతాడో లేదో అని తొందరపడ్డారు.

ఆ తర్వాత ఆయనకి ఒకటే పిచ్చి పట్టింది, ఇంగ్లాండు దేశం ప్రపంచమంతా ఏలుతుంటే ఇంగ్లీషు కథోలికులు మాత్రం బయటదేశాలకి ఒక్క మిషనరీ కాలేజీ కూడా పెట్టుకోలేదేంది అని. డబ్బుల్లేవు. 1863 చివర్లో ఓడెక్కి అమెరికా ఖండాలన్నీ చందాలకి తిరిగాడు. పనామాలో మశూచి, పైగా గవర్నమెంటు పెట్టిన ప్రమాణం చెయ్యని ఫాదర్లు పూజ చెయ్యకూడదు, సంస్కారాలు ఇవ్వకూడదు అని ఆంక్ష. ఈయన చావుబతుకుల్లో ఉన్న ఒకావిడ ఇంటికి పోయి పూజ చేశాడు, కేసు పెట్టారు, ఇక అక్కడ ఉండటం కుదరక ఓడ పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో పోయాడు. తర్వాత పెరూ, చిలీ, బ్రెజిల్. మొత్తం 11,000 పౌన్లు పోగేసుకుని 1865లో తిరిగొచ్చాడు. మన కమిటీలో చందా పుస్తకం పట్టుకుని సింగరాయకొండ దాకా పోయి రావడానికే ఎంత గొణుక్కుంటామో ఒకసారి గుర్తుచేసుకోండి (నేనూ అందులో ఉన్నా, నన్నూ కలుపుకోండి).

మిల్‌హిల్‌లో స్థలం ఓనరు అమ్మనన్నాడంట. అప్పుడు ఈయన ఒక కాగితం చుట్టిన పార్సిల్ ఆ ఇంటి అలమరలో పెట్టుకోండి, మళ్ళీ వచ్చి తీసుకుంటా అని ఇచ్చి పోయాడంట, లోపల ఉంది పునీత జోజప్ప (యోసేపు) గారి స్వరూపం, అంటే విగ్రహం. కొన్నాళ్ళకి ఓనరే దిగొచ్చి అమ్మాడని చెప్పుకుంటారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, నాకైతే ఆ మనిషి తెలివి నచ్చింది. 1866 మార్చి 19, జోజప్ప గారి పండగ రోజునే కాలేజీ మొదలు, ఎంతమంది స్టూడెంట్లతో అనుకున్నారు? ఒక్కడు.

1871లో మొదటి నలుగురు ఫాదర్లని అమెరికాలో బాల్టిమోర్‌కి తనే వెంటబెట్టుకుని పోయాడు, బానిసత్వం నుంచి అప్పుడప్పుడే బయటపడ్డ నల్లవాళ్ళ మధ్య పనిచెయ్యడానికి. వాళ్ళని దించేసి దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరిగి చూశాడు, గుళ్ళల్లోనే వాళ్ళని ఎట్టా దూరం పెడుతున్నారో చూశాడు. ఇది చదివేటప్పుడు నాకు మన గుడిలో ఒకప్పుడు ఏ వరసలో ఎవరు కూర్చోవాలనేదాని మీద మా తాతలు పడ్డ మాటలు గుర్తొచ్చినయి. ఎక్కువ చెప్పను, మీకూ గుర్తుంటాయి.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యనవసరం లేదు. 1868లో టాబ్లెట్ అనే వారపత్రిక కొన్నాడు, పోపు గారి అధికారం మీద 1870లో పెద్ద వాదన జరిగినప్పుడు అవతలి పక్షం వాళ్ళ ఉత్తరాలు పత్రికలో పడనివ్వలేదు. పట్టిన పట్టు విడవని మనిషి, పెద్దింటి మనిషి, ఆజ్ఞలు వెయ్యడం అలవాటు. సావనీర్‌కి ఎడిటర్లు కాబట్టి మీకు ఈ ముక్క ప్రత్యేకంగా చెప్తున్నా, అవతలి వాళ్ళ ఉత్తరం వెయ్యకపోతే 150 ఏళ్ళ తర్వాత కూడా ఎవరో ఒక జిరాక్సు షాపామె దాన్ని బయటికి తీస్తుంది. 1872లో సాల్ఫోర్డ్ బిషప్, 1892లో వెస్ట్‌మినిస్టర్ ఆర్చిబిషప్, మరుసటేడు కార్డినల్. లండన్‌లో ఆ పెద్ద ఇటుకల గుడి, వెస్ట్‌మినిస్టర్ కతీడ్రల్, 1895లో శంకుస్థాపన చేసింది ఈయనే. 1903 జూన్ 19న మిల్‌హిల్‌లోనే కన్నుమూశాడు, ఆ కొత్త గుడిలో జరిగిన మొదటి పెద్ద పూజల్లో ఒకటి ఆయన సమాధి పూజే. పాతిపెట్టింది మాత్రం మిల్‌హిల్‌లో, నూరేళ్ళు దాటాక 2005లో కతీడ్రల్‌కి మార్చారు. ఆ కాలేజీ కూడా ఇప్పుడు లేదు, 2006లో మూసేశారు.

ఇదంతా మీ పేజీలో ఒక పారాలో సర్దొచ్చు. నేను మొదలుపెట్టిన సంగతి ఇక్కడ్నించి.

ఆలిస్ ఇంగం అనే పేరు మీ ఫైలులో యాడా లేదు. సెర్చ్ కొట్టి చూశా. మాంచెస్టర్ పక్కన రాచ్‌డేల్ అని దూదిమిల్లుల ఊరు, అక్కడ 1830లో పుట్టింది, మిల్లు పనివాళ్ళ ఇల్లు. టోపీలు, మిఠాయిలు అమ్మే చిన్న కొట్టు నడిపేది. పగలు కొట్టు, మిగతా టైంలో జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి పోయి చూసుకోవడం. 1871లో ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ ప్రార్థన చేసుకుంటూ ఈ పని చెయ్యడం మొదలుపెట్టింది, నలభై ఒకటేళ్ళప్పుడు. మరుసటేడు వాన్ గారు సాల్ఫోర్డ్‌కి బిషప్‌గా వచ్చారు, రాచ్‌డేల్ ఆయన మేత్రాసనంలోదే. మమ్మల్ని మఠంగా గుర్తించండి అంటే గబుక్కున ఒప్పుకోలా. ఏళ్ళ తరబడి ఆగమన్నాడు. 1878లో పిలిచి అడిగిందేందయ్యా అంటే, మిల్‌హిల్ కాలేజీకి వచ్చి ఇల్లు చూసుకుంటారా అని. ఇల్లు చూసుకోవడం అంటే ఏందో ఆడవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. వంట, బట్టలుతకడం, చిరుగులు కుట్టడం, జబ్బు చేస్తే పక్కన కూర్చోవడం.

పోయారు. ఐదేళ్ళు ఆ పని చేశాక 1883 సెప్టెంబరు 8న, మరియమ్మ పుట్టిన పండగ రోజు, ఆమె, ఆమెతో ఉన్నవాళ్ళు మాటపట్టు (సన్యాస వ్రతం) తీసుకున్నారు, పునీత జోజప్ప ఫ్రాన్సిస్కన్ మిషనరీ సిస్టర్లు అని సభ ఏర్పడింది. ఆమె మదర్ మేరీ ఫ్రాన్సిస్ అయింది. రెండేళ్ళకే, 1885లో, ఆ సిస్టర్లు బోర్నియో దీవికి ఓడెక్కారు. ఆమె 1890లో చనిపోయింది, అరవై ఏళ్ళకి. బిషప్ గారు లేకపోతే ఆ సభ నిలబడేది కాదు, ఇది ఒప్పుకోవాల్సిందే, ఆయన అధికారం, ఆయన పలుకుబడి అన్నీ వాడాడు. కానీ ఆయన కాలేజీ నిలబడింది ఎవరి చేతుల మీద? చరిత్ర పుస్తకాల్లో ఒకరికి కతీడ్రల్ అంత జాగా, ఇంకొకరికి ఫుట్‌నోటు.

ఇప్పుడు లెక్క కట్టండి. 1878 తర్వాత మిల్‌హిల్‌లో చదివి మన తెలుగు పక్కకి వచ్చిన ఫాదర్లు, ఆ ఆడవాళ్ళు వండిన సూపు తాగి, వాళ్ళు ఉతికిన అంగీ తొడుక్కుని వచ్చినోళ్ళు. ఓడెక్కేటప్పుడు పెట్టెలో ఉన్న మేజోళ్ళు ఎవరు కుట్టారో మనకేం తెలుసు. 1890లో హాలెండులో రోజెన్‌డాల్ అనే చోట కూడా ఇంకో కాలేజీ తెరిచారు, మనకి డచ్చి ఫాదర్లు అంతమంది రావడానికి అదీ ఒక కారణం. మన మొదటి బిషప్ విలియం బౌటర్ గారు కూడా డచ్చాయనే. ఆయన ఫోటో మీరు ఫుల్ పేజీ కలర్‌లో వేశారు, బాగుంది, వెయ్యాల్సిందే.

ఇక మా జేజి (అవ్వ) సంగతి. ఇది నా సొంత బాధ అనుకుంటే అనుకోండి.

మా జేజి మన ఊరి ఫాదర్ గారి బంగళాలో ఇరవై ఏళ్ళకి పైనే వంట చేసింది. జీతం అని పెద్దగా ఏం లేదు, బియ్యం, కట్టెలు, పండక్కి చీర. మీలో సగంమంది చిన్నప్పుడు ఆ వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి ఆమె చేతి బెల్లం ముక్క తిన్నోళ్ళే, ప్రెసిడెంటు మామతో సహా. ఆ తెల్ల ఫాదర్ వచ్చిన కొత్తలో మన చేపల పులుసు తిని కళ్ళెంబడి నీళ్ళు కారుస్తూ కూడా గిన్నె ఇటివ్వు అన్నాడని చెప్పి నవ్వేది. అంగీలు ఉతకడం కూడా ఆమే. తెల్లటి అంగీ, గొంతు నుంచి మడమ దాకా, మన దుమ్ములో సైకిల్ మీద నాలుగూళ్ళు తిరిగొచ్చేసరికి కింద జానెడు ఎర్రగా అయ్యేది. రాత్రి నానబెట్టి, పొద్దున్నే బండ మీద బాది, నీలిమందు పెట్టి, అన్నం గంజి పలచగా కలిపి అందులో ముంచి, నీడన ఆరేసి, తుమ్మబొగ్గులు వేసిన ఇస్త్రీపెట్టె. పెట్టె బరువుకి ఆమె కుడి మణికట్టు వంకర తిరిగింది, చనిపోయేదాకా అట్టాగే ఉంది, నేను పట్టుకుని చూసేదాన్ని.

ఒక క్రిస్మస్ రాత్రి పూజకి ముందు ఇస్త్రీ చేస్తుంటే నిప్పురవ్వ ఎగిరి అంగీ ముందుభాగంలో రూపాయి బిళ్ళంత మాడిపోయింది. ఇంకోటి తడిగా ఉంది. జేజి ఏడుస్తూ కూర్చుందంట. ఫాదర్ వచ్చి చూసి, దాన్నే తొడుక్కుని, పైన పూజ వస్త్రం వేసుకుని, మాడిన చోట చెయ్యి పెట్టి చూపించి నవ్వి గుళ్ళోకి పోయాడంట. మరుసటిరోజు ఆ చిల్లుకి లోపల్నించి గుడ్డముక్క వేసి కుట్టింది. ఆ కుట్టు ఎంత బాగా కుట్టిందో చెప్పడమే ఆమెకి ఇష్టం, ఫాదర్ తిట్టలేదనే సంగతి కంటే.

మీ ఫైల్లో 41వ పేజీలో ఏముందో చదువుతా వినండి: "సిస్టర్ల సేవలు, ఇతర సేవకుల సహకారము మరువలేనివి." ఒక్క లైను. సిస్టర్లు పేర్లు లేకుండా ఒక గుంపు, మా జేజి లాంటోళ్ళు "ఇతర సేవకులు". మరువలేనివి అంటూనే మర్చిపోయారు గదయ్యా. అదే పుస్తకంలో దాతల ఫోటోలకి పద్నాలుగు పేజీలు, 5,000 ఇచ్చినోళ్ళకి అరపేజీ, ఎరువుల షాపు యాడ్‌కి వెనక అట్ట. డబ్బుల్లేకుండా పుస్తకం రాదు, తెలుసు, నా డీటీపీ బిల్లు కూడా అందులోంచే రావాలి.

మన ఒంగోలు పక్క బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు తెలియనోళ్ళు లేరు. ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ నీళ్ళల్లో బాప్తిస్మాలు. ఏబీఎం (అమెరికన్ బాప్టిస్టు మిషన్) వాళ్ళు ఆ నంబరు నిద్రలో లేపినా చెప్తారు. మన ఆర్సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) వాళ్ళకి నంబర్లు తక్కువ, పేర్లు ఇంకా తక్కువ. గుంటూరు పక్క ఫిరంగిపురం జ్ఞానమ్మ గారి సంగతే చూడండి, 1822లో పుట్టింది, భర్త పోయి పిల్లలున్న ఆడమనిషి, ఆడపిల్లలకి బడి పెట్టింది, పునీత అన్నమ్మ సిస్టర్ల సభకి మూలం ఆమే, 1874లో పోయింది, అంటే మిల్‌హిల్ ఫాదర్లు రావడానికి ముందేడే. మన తెలుగామె. మన ఉపదేశి (జపాలు, మతబోధ నేర్పేవాళ్ళు) క్లాసులో ఆమె పేరు నేనైతే వినలా, పెద్దయ్యాక విన్నా.

కాబట్టి నేను అడిగేది ఇది. 41వ పేజీలో ఆ లైను తీసెయ్యండి. దాని బదులు రెండు పేజీలు. ఒకటి మన డిస్పెన్సరీలో, బళ్ళో పనిచేసిన సిస్టర్ల పేర్లు, ఏ ఏడు వచ్చారు ఏ ఏడు పోయారు, బడి రిజిస్టర్లో సంతకాలు ఉంటాయి, చూడటానికి ఒక పూట చాలు, నేను వస్తా. రెండోది బంగళాలో వంట చేసినోళ్ళు, గంట కొట్టినోళ్ళు, ఉపదేశులు, వాళ్ళతో పాటు ఉపదేశమ్మలు కూడా, ఎందుకంటే ఉపదేశి ఊరూరు తిరుగుతుంటే జపం చెప్పించింది వాళ్ళే. రెండో పేజీలో వాన్ గారి ఫోటో కింద ఆలిస్ ఇంగం పేరు కూడా రాయండి, అదే సైజు అక్షరాల్లో. వాన్ గారిని తగ్గించమనడం లేదు, ఆయన్ని ఆ వంటింటి పక్కన నిలబెట్టమంటున్నా. ఆ రెండు పేజీలకి డీటీపీ డబ్బులు తీసుకోను.

పేజీలు పెరిగితే ప్రింటింగు రేటు పెరుగుద్ది అంటారా, ఎనిమిది పేజీల లెక్కన ఫారం పడుద్ది, ఇప్పుడు మీది 62 పేజీలు, రెండు కలిపితే సరిగ్గా 64, ఇప్పుడు ఆ రెండు ఖాళీగానే పోతున్నయి. కావాలంటే ప్రెస్ వాళ్ళని అడగండి.

మా జేజి ఫోటో ఒక్కటే ఉంది. బంగళా వెనక, చేతిలో ఇస్త్రీపెట్టె, ఎండకి కళ్ళు చికిలించి, ఎవరు తీశారో తెలీదు, ఆ తెల్ల ఫాదరే తీసుంటాడని మా అమ్మ అంటది. స్కాన్ చేసి ఉంచా, 300 డీపీఐ. అసలుది చూడాలనుకుంటే ఈ ఆదివారం రెండో పూజ అయ్యాక తెస్తా, కానీ ఎవరికీ ఇంటికి ఇవ్వను, పోయినసారి ఇచ్చిన మా నాయన ఫోటో ఇంతవరకు తిరిగి రాలా.

ఇట్లు,
మీ విచారణ బిడ్డ, డీటీపీ షాపామె